రేవు గోడ మనిషి, మా మీటింగు పుస్తకం

ఐర్లండు దేశం పటంలో ఎక్కడుంటుందో తెలియకుండానే, ఆ దేశపు పార్లమెంటులో ఎవరు ఎవరి మాటకు అడ్డం వచ్చారో, ఎవరు ఎవరిని కూర్చోమన్నారో మూడేళ్లపాటు చదివాను. సరదాకి కాదు, కూటి కోసం. బెంగళూరు కుందలహళ్ళిలో పెద్ద టెక్ పార్కుకు ఇవతల, ఒక మెస్సు పైన రెండో అంతస్తులో ఉండేది మా ఆఫీసు. పదకొండు కాకముందే కింద నుంచి సాంబారు వాసన వచ్చేది. అద్దాల బిల్డింగుల్లో పనిచేసేవాళ్లు మెళ్లో కార్డులు వేలాడేసుకుని ఆ మెస్సుకు తినడానికొచ్చేవాళ్లు. మాకూ కార్డులుండేవి. ఊళ్లో ఎవరైనా అడిగితే కంప్యూటర్ కంపెనీ అని చెప్పేదాన్ని. అబద్ధం కాదు, కంప్యూటర్లున్నాయి.

పని ఇది. ఆ పార్లమెంటు చర్చల పాత సంపుటాలను పేజీ పేజీ ఫొటో తీసి మాకు పంపేవాళ్లు. మధ్యలో ఎంతమంది చేతులు మారి మా దాకా వచ్చేదో నాకు తెలీదు. ఒక గదిలో వాళ్లు టైపు చేసేవాళ్లు. ఇంకో గదిలో మేము, ప్రతి మాటకూ అది ఎవరి మాటో గుర్తు పెట్టేవాళ్లం. ఒక్కో సభ్యుడికి ఒక్కో నంబరు. ఫలానా నంబరు లేచి ప్రశ్న అడిగాడు, ఫలానా నంబరు జవాబు చెప్పాడు, మధ్యలో ఎవరో అరిచారు, అధ్యక్షుడు కూర్చోమన్నాడు. దీన్ని ట్యాగింగ్ అనేవాళ్లు. గోడ మీద ఒక కాగితం అంటించి ఉండేది, ఉన్నది ఉన్నట్టు ఉంచాలని. పుస్తకంలో అచ్చుతప్పు ఉంటే అచ్చుతప్పే కొట్టాలి. మనిషి తెలివితక్కువగా మాట్లాడి ఉంటే ఆ తెలివితక్కువతనమూ ఉండాలి. అక్కడక్కడా వాళ్ల సొంత భాషలో పేరాలు వచ్చేవి, అక్షరాల నెత్తిన గీతలతో. ఆ పేజీలొచ్చిన రోజు టైపు గదిలో ఆడవాళ్లు ఐర్లండును కన్నడంలోనూ తెలుగులోనూ తిట్టేవాళ్లు.

మొదటి నెలంతా నాకు రోతగా ఉండింది. తెల్లదొరలు కదా, కోట్లు తొడుక్కుని ఏదో లోకం తలకిందులయ్యే మాటలు మాట్లాడుకుంటారనుకున్నాను. ఏముంది? ఫలానా ఊరికి బస్సు ఎందుకు ఆపేశారు? ఫలానా బడి పైకప్పు ఎప్పుడు వేస్తారు? దానికి మంత్రి లేచి, విషయం పరిశీలనలో ఉంది అనేవాడు. ఒక్కోసారి ఆరేడు ప్రశ్నలను కట్టగట్టి, వీటన్నిటికీ కలిపి జవాబిస్తాను అనేవాడు. నేను ఆ జవాబు మూడుసార్లు చదివి, ఇందులో ఏ ప్రశ్నకు జవాబుందా అని వెతికేదాన్ని. ఇంత దూరంలో కూర్చుని, ఎప్పుడో ఎవరో తప్పించుకున్న మాటలకు నేను నంబర్లు వెయ్యాలి. ఛీ అనిపించేది.

ఆ పుస్తకాల్లోనే ఒకాయన ఉండేవాడు. ప్రతిపక్షం మనిషి. ఆయన కూర్చున్న వైపు ఎప్పుడూ ప్రభుత్వం వచ్చినట్టు లేదు. వచ్చినా ఆయన్ను మంత్రిని చేసినవాళ్లు లేరు. ఆయన నియోజకవర్గంలో సముద్రం ఒడ్డున చిన్న రేవు ఉందట. పడవలు కట్టే చోట రాతి గోడ కుంగిపోయిందట. చేపలవాళ్లు జారిపడుతున్నారు, గోడ ఎప్పుడు బాగుచేస్తారు? ఇదీ ఆయన ప్రశ్న. ఒక సంపుటంలో అడిగాడు. తర్వాతి సంపుటంలో అడిగాడు. మంత్రి మారాడు, కొత్త మంత్రిని అడిగాడు. బడ్జెట్ మీద మాట్లాడమంటే ఎక్కడెక్కడో తిరిగి రేవు దగ్గర తేలేవాడు. ఇంకెవరో గొర్రెల గురించి మాట్లాడుతుంటే మధ్యలో లేచి, గొర్రెలు సరే, మరి గోడ సంగతేమిటి అన్నట్టు అడిగేవాడు. మా గదిలో ఆయనకు రేవు మామ అని పేరు పెట్టాం. పొద్దున ఎవరి కంప్యూటర్లో ఆయన తగిలితే వాళ్లు, "వచ్చినాడమ్మా రేవు మామ, గోడ ఎత్తుకోని," అని కేక వేసేవాళ్లు.

ఆయన మంచివాడని చెప్పడం లేదు. నసగాడు. చెప్పిందే చెప్పేవాడు. తన వైపు వాళ్లు చేసిన పొరపాట్లు వస్తే నీళ్లు నమిలేవాడు. ఎదుటివాళ్లను వెక్కిరించడంలో ముందుండేవాడు. జవాబు రాదని తెలిసీ అడుగుతున్నాడు చూడు, ఎన్నికలకు పనికొస్తుందని కాకపోతే ఇంకెందుకు అని నేనే అనేదాన్ని. ఆయన పేరు కనబడితే చాలు నాకు ఒళ్లు మండేది. అసలు మంట ఆయన మీద కాదని అప్పటికే నాకు తెలుసు. తెలిసినా ఆయన్నే తిట్టుకునేదాన్ని, అది సులువు కాబట్టి.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. తొంభైల్లో నేనూ మా అక్కా బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేశాం. మాది హిందూపురం వైపు పల్లె. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. బడి ముఖం చూడలేదు. నేను ఇంటర్ దాకా చదివానంటే, టైపు నేర్చుకున్నానంటే, అక్క ముందుగా బెంగళూరు వచ్చి పనిలో చేరబట్టే. నన్ను పిలిపించి అదే ఫ్యాక్టరీలో పెట్టించింది. నా చేతిరాత చూసి నన్ను కుట్టు మిషను దగ్గరకు పంపలేదు. గేటు పక్కన హాజరు పుస్తకాలుండే గదిలో కూర్చోబెట్టారు. దాన్ని టైం ఆఫీస్ అంటారు. ఫ్యాను కింద కుర్చీ. అక్క ఆ కుర్చీ గురించి వఠారంలో అందరికీ చెప్పుకుంది.

అక్కది మరకలు తీసే పని. కుట్టిన చొక్కాల మీద మిషను నూనె మరకలు పడితే, ఒక చిన్న తుపాకీలాంటి దానితో మందు కొట్టి ఆ మరక పోగొట్టాలి. కిటికీ లేని మూల గది. ఆ మందు వాసనకు లోపలికెళ్లినవాళ్లకు కళ్లు నీళ్లు కారేవి. అక్క రోజంతా అందులోనే. ఇంటికొచ్చాక కూడా జడలోంచి అదే వాసన. మొదట తలనొప్పి అనింది. తర్వాత దగ్గు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం.

ఆ ఫ్యాక్టరీలో నెలనెలా ఒక మీటింగు జరగాలని నియమం. కార్మికుల తరఫున కొందరు, మేనేజిమెంటు తరఫున కొందరు కూర్చుని కష్టసుఖాలు మాట్లాడుకోవాలి, మాట్లాడింది పుస్తకంలో రాయాలి. మా బట్టలు కొనే విదేశీ కంపెనీల మనుషులు వచ్చినప్పుడు మొదట అడిగేది ఆ పుస్తకమే. అందుకని మా పర్సనెల్ మేనేజరు ఒక పద్ధతి పెట్టాడు. పుస్తకం వెనకబడకూడదు కాబట్టి ముందే రాసి పెట్టుకోవాలి. రాబోయే మూడు నెలల మీటింగులు ఒకేసారి కూర్చుని రాసేవాళ్లం. ప్రతి నెలా రెండో శనివారం తేదీ. "మంచినీటి ఏర్పాటుపై సభ్యులు సంతృప్తి తెలిపారు. కార్మికుల నుంచి ఫిర్యాదులేమీ లేవు. టీ, బిస్కెట్లు ఇచ్చాక సమావేశం ముగిసింది." మాటలు కాస్త అటూ ఇటూ మార్చమనేవాడు, ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని. ఒక నెల నీళ్లు, ఒక నెల క్యాంటీను. జీతాల రోజున క్యూలో నిలబడ్డవాళ్ల చేత అందులో సంతకాలు పెట్టించేవాళ్లం. రాయలేనివాళ్లది వేలిముద్ర. రాసింది నేను. ఎవరో బలవంతం చేశారని చెప్పను. మేనేజరు, "నీ అక్షరాలు ముత్యాలమ్మా," అంటే మురిసిపోయి, ఇంకా నీటుగా రాశాను.

మీటింగులు అసలే జరగలేదని కాదు. ఎప్పుడన్నా ఒకసారి కంటితుడుపుకి పిలిచేవాళ్లు. అట్లాంటి ఒక మీటింగులో అక్క లేచి నిలబడింది. అందరి ముందూ నిలబడి మాట్లాడటం ఆమెకు అదే మొదలు, కొంగు వేలికి చుట్టుకుని విప్పుకుని చుట్టుకుంటూ మాట్లాడింది. "సార్, ఆ మందు వాసనకి ఊపిరి ఆడట్లేదు సార్. ఒక కిటికీ అన్నా పెట్టించండి. లేదంటే మమ్మల్ని మార్చి మార్చి కూర్చోబెట్టండి. నేను ఒక్కదాన్నే కాదు, ఆ రూములో ఉండే అందరికీ ఇదే బాధ ఉండాది." మేనేజరు తల ఊపాడు. నేను మూల బల్ల దగ్గర పుస్తకం తెరుచుకుని తల వంచుకుని రాస్తూ ఉన్నాను. అక్క మాట్లాడినంత సేపూ నా పెన్ను ఆగలేదు. ఆమె మాట్లాడుతోంది అక్టోబరులో. నేను రాస్తున్నది జనవరి మీటింగు.

అక్క అది చూసింది. చెల్లెలు రాసుకుంటోంది అనుకుంది. ఆ సాయంత్రం వఠారంలో నీళ్ల కొళాయి దగ్గర గొప్పగా చెప్పింది: "నేను సెప్పిందంతా మా చెల్లి బుక్కులో రాసిండాది. ఇంక వాళ్లు కాదనేకి కాదు." నేను పక్కనే బిందె పట్టుకుని ఉన్నాను. అవును అనలేదు, కాదనీ అనలేదు. ఆ రోజు నోరు విప్పి ఉంటే ఇది ఇక్కడ రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

రెండువేల సంవత్సరం దాటాక నేను ఆ ఫ్యాక్టరీ వదిలి, బొమ్మనహళ్ళి నుంచి రెండు బస్సులు మారి కుందలహళ్ళి వెళ్లే ఈ ఐర్లండు ఉద్యోగంలో చేరాను. అక్క అక్కడే ఉండిపోయింది. ఊపిరి బాగా చెడింది. డాక్టరు ఆ గదిలో ఇంక పనిచెయ్యకూడదని రాసిచ్చాడు. అక్క ఆ కాగితం పట్టుకుపోయి, దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టమని అడిగింది. వాళ్లు కూర్చోబెట్టలేదు. నాలుగు రోజులు గేటు బయట నిలబెట్టి, అయిదో రోజు తానే పని మానేసిందని కాగితం తయారుచేశారు. అక్క లేబర్ ఆఫీసులో కేసు వేసింది. తన జబ్బు పని వల్ల వచ్చిందని ఒప్పుకోవాలి, వైద్యం చేయించాలి, వేరే బల్ల దగ్గర పని ఇవ్వాలి. ఆమె అడిగింది ఇంతే.

ఫ్యాక్టరీ జవాబు కూడా చిన్నదే. ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వాసన గురించి, జబ్బు గురించి ఫిర్యాదు చెయ్యలేదు. అది విని అక్క ఆఫీసరు ముందు నవ్విందట. ఇంటికొచ్చి ఎంత ఉత్సాహంగా చెప్పిందో నాకింకా చెవుల్లో ఉంది. "నేనే అడిగినా, ఆ మీటింగు బుక్కు తెప్పించండి సార్ అని. నా చెల్లెలు రాసిన బుక్కు, అందులో అంతా ఉండాది అని సెప్పినా. ఆఫీసరు రాసుకున్యాడు. వచ్చే వాయిదాకి తెస్తారంట. వాళ్ల లాయరు ముఖం జూడాల్సింది మే నువ్వు!" లాయరు ముఖం నేను చూడకపోయినా ఊహించగలను. లోపల నవ్వుకుని ఉంటాడు.

వాయిదాకు ఇరవై రోజుల గడువు. ప్రతి రోజూ సాయంత్రం అక్క పక్కన చేరి, చెప్పేద్దామని కూర్చుని, చెప్పకుండా లేచేదాన్ని. ఆమె మందులు ఏది ఎప్పుడు వేసుకోవాలో నన్నే చదివి చెప్పమనేది. చదివి చెప్పేదాన్ని. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించేది. అన్నం తింటుంటే నా కుడిచెయ్యి చూసుకుని ముద్ద వదిలేసిన రోజులున్నాయి. ఇది ఎక్కువ చేసి చెప్పడం కాదు, అప్పుడు నిజంగా అంతే.

ఆ ఇరవై రోజుల్లోనే రేవు మామ మళ్లీ తగిలాడు. ఈసారి గోడ విషయంలో మంత్రి ఏదో చెప్పాడు, ఈయన లేచి అది అబద్ధం అన్నాడు. ఆ మాట ఆ సభలో అనకూడదట. అధ్యక్షుడు వెనక్కి తీసుకోమన్నాడు. తీసుకోనన్నాడు. అధ్యక్షుడు మళ్లీ చెప్పాడు. ఈయన మళ్లీ తీసుకోనన్నాడు. రెండు పేజీల నిండా ఇదే. చివరికి ఆయన్ను సభ నుంచి బయటికి పంపడానికి ఓటింగు పెట్టారు, పంపేశారు. ఇదంతా వరసగా అచ్చయి ఉంది. వెనక్కి తీసుకోమన్న ఆ మాట కూడా ఉంది. ఎవరూ కొట్టెయ్యలేదు. ఎవరి నోటి నుంచి వచ్చిందో వాళ్ల పేరు కింద, వాళ్లను బయటికి గెంటిన మాట పక్కనే ఉంది. నేను చాలాసేపు నంబరు వెయ్యకుండా ఆ పేజీ చూస్తూ కూర్చున్నాను. గోడ కట్టారో లేదో నాకు ఈ రోజుకీ తెలీదు. మా దాకా వచ్చిన సంపుటాల్లో కట్టినట్టు లేదు. కాని ఆ మనిషి అడిగాడన్నది మాత్రం ఎవడూ కాదనలేడు. మా అక్క కూడా అడిగింది. ఆమె అడిగిన చోట టీ, బిస్కెట్లు అని ఉంది.

ఆ కంగారులో నేనొక తప్పు చేశాను. ఆయన్ను బయటికి పంపిన తర్వాతి రోజు చర్చలో, ఆయన ఇంటిపేరే ఉన్న ఇంకో సభ్యుడి మాటలకు ఆయన నంబరు వేశాను. మా సూపర్‌వైజరు మహబూబ్‌నగర్ మనిషి, ఆ పేజీ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. "ఏందమ్మా, నిన్న బయటికి పంపిండ్రు గదా ఆయనను. ఇయ్యాల ఎట్ల మాట్లాడుతడు? తేదీ జూసుకోవా? సభల లేనోనితోని మాట్లాడిస్తె ఎట్ల?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ఏ పేజీ తెరిచినా మాట కంటే ముందు తేదీ చూడటం అలవాటయింది.

వాయిదా రోజు సెలవు పెట్టి అక్కతో వెళ్లాను. లేబర్ ఆఫీసులో బెంచీలు, ఫైళ్ల కట్టలు, గోడకు పాన్ మరకలు. ఆఫీసరు పెద్దమనిషి, కన్నడంలో నిదానంగా మాట్లాడాడు. ఫ్యాక్టరీ లాయరు రెండు పుస్తకాలు తెచ్చాడు. ఒకటి మీటింగు పుస్తకం. రెండోది హాజరు పుస్తకం, అక్క జబ్బు సెలవులు పెద్దగా పెట్టలేదని చూపించడానికి. మీటింగు పుస్తకం తెరిచి, నెలనెలా ఫిర్యాదులేమీ లేవని ఉన్న వాక్యాలు పైకి చదివాడు. చదువుతూ చదువుతూ, అందంగా రాశారే అని కూడా అన్నాడు.

అక్క మొదట అర్థం కానట్టు చూసింది. "అది కాదు సార్, ఇంకో బుక్కు ఉంటాది," అనింది. లాయరు ఇదొక్కటే పుస్తకం అన్నాడు. అక్క నా వైపు తిరిగింది. "ఏమే, సెప్పు. ఇది కాదు గదా? వీళ్లు మార్చేసినారు గదా?" ఆ ముఖంలో నా మీద అనుమానం ఒక్క పిసరు కూడా లేదు. అదే నేను భరించలేకపోయాను. ఆఫీసరు పుస్తకం నా ముందుకు తోసి, ఈ చేతిరాత నీదేనా అని అడిగాడు.

"నాదే సార్," అన్నాను. "పుస్తకం కూడా ఇదే. మార్చలేదు. ఇందులో మీటింగులన్నీ జరగకముందే రాసినాను. మూడు నెలలవి ఒకేసారి రాసేదాన్ని. మా అక్క వాసన గురించి సెప్పింది నిజం. నేను ఆ రూములోనే ఉన్న్యా. రాయలేదు." ఇది చెప్పడానికి ఎంతసేపు పట్టిందో తెలీదు. పక్కన అక్క ఊపిరి పిల్లికూతలు వినిపిస్తున్నాయి. నేను అటు చూడలేదు.

లాయరుకు ఇది నచ్చలేదు. సొంత చెల్లెలు, అక్క కోసం ఏదైనా చెబుతుంది, అక్క ఉద్యోగం పోయిందన్న కసి కూడా ఉంటుంది అన్నాడు. కసి నాకు నిజంగానే ఉంది, ఆయన అనుకున్నవాళ్ల మీద కాదు. నా చేతులు వాటంతట అవే ఆ పుస్తకం పేజీలు తిప్పడం మొదలుపెట్టాయి. మాటలు చదవలేదు. తేదీలు చూసుకుంటూ పోయాను. ఒక శనివారం దగ్గర ఆగాను. ఆ రోజు బెంగళూరంతా బంద్. బస్సుల్లేవు, షాపుల్లేవు, హోసూరు రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఫ్యాక్టరీ గేటుకు తాళం. నేనూ అక్కా ఇంట్లోనే ఉండి బొరుగులతో ఉగ్గాని చేసుకుని తిన్నాం. పుస్తకంలో మాత్రం ఆ రోజు మీటింగు జరిగింది. పదకొండుమంది సంతకాలున్నాయి, అందులో అక్క వేలిముద్ర కూడా ఉంది. క్యాంటీను భోజనం మీద సంతృప్తి తెలిపారు. టీ తాగారు.

"సార్, ఈ తేదీ వాళ్ల హాజరు పుస్తకంలోనే చూడండి," అన్నాను. ఆఫీసరు రెండో పుస్తకం తెరిచాడు. ఆ తేదీ కింది నిలువు వరస పొడుగునా, పైనుంచి కిందిదాకా, మూసివేత అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆయన రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. మూతబడిన ఫ్యాక్టరీలో మీటింగు ఎవరు పెట్టారండీ అని లాయరును అడిగాడు. లాయరు గుమాస్తా పొరపాటు అయ్యుంటుందన్నాడు. ఆ గుమాస్తాను నేనే కదా, ఇక్కడే ఉన్నాను, నన్నడగండి అన్నాను. బెంచీల మీద ఎవరో నవ్వారు. నాకు గెలిచినట్టు అనిపించలేదు. ఒంటి మీద బురద పోసుకున్నది నేనే, కడుక్కుంటున్నదీ నేనే, చూసేవాళ్లకు అదొక తమాషా.

ఆఫీసరు రెండు పుస్తకాలూ తన దగ్గర ఉంచుకున్నాడు. అక్కను పెద్దాసుపత్రి డాక్టర్ల బృందానికి చూపించాలని, ఈలోపు ఆమెకు కూర్చుని చేసే పని ఇవ్వాలని రాయించాడు. ఆ తర్వాత ఇది ఎన్ని వాయిదాలు నడిచిందో, ఫ్యాక్టరీ ఎన్ని సాకులు చెప్పిందో అది వేరే. ఆ రోజుకు మాత్రం అక్క అడిగింది కాగితం మీదకు వచ్చింది. ఇన్నేళ్లకు.

టైపిస్టు మా ఇద్దరి వాంగ్మూలాలూ కన్నడంలో కొట్టి తెచ్చాడు. నాది నేను చదువుకుని సంతకం పెట్టాను. అక్కకు ఆమె కాగితం ఇచ్చి, చదివించుకుని వేలిముద్ర వెయ్యమ్మా అన్నారు. ఎప్పుడైనా సరే, రేషన్ కార్డు కానీ, ఆసుపత్రి చీటీ కానీ, ఊరి నుంచి వచ్చిన ఉత్తరం కానీ, అక్క చేతిలో కాగితం పడితే అది మరుక్షణం నా చేతిలో ఉండేది. నేను అలవాటుగా చెయ్యి చాచాను.

అక్క నా చెయ్యి చూసింది. కాగితం గుండెకు ఆనించుకుని బెంచీ పట్టుకుని మెల్లగా లేచింది. నన్ను దాటి, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న ఆఫీసు జవాను దగ్గరకు ఆయాసపడుతూ నడిచింది. ఆయన కోలారు వైపు మనిషి, తెలుగు వచ్చు. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి చేతిలో ఆ కాగితం పెట్టింది.

"నువ్వు చదివి సెప్పప్పా," అనింది. "ఇందులో నేను సెప్పిందే ఉండాదా, లేదా?"